సాఫ్ట్‌వేర్ 4 శాతమే అంది, అక్క థీసిస్‌లో ఉన్నవి మాత్రం నా మాటలే

ప్రశ్న

ఉమ్మడి నల్గొండ జిల్లా నుంచి ఒక పాఠకురాలు ఐదు పేజీల ఉత్తరం రాశారు. పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు ముప్పై ఆరేళ్లు. డిగ్రీ కాలేజీలో కాంట్రాక్ట్ లెక్చరర్‌గా పనిచేస్తూ తెలుగులో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నారు. ఆసు పోసే స్త్రీల వృత్తి పదాలు ఆమె అంశం. పోచంపల్లి వైపు చిటికి చీర నేయాలంటే ముందు నూలును ఆసు అనే చట్రం మీద మేకుల చుట్టూ వేల సార్లు చేత్తో తిప్పుతూ పోయాలి. ఆ పని తరతరాలుగా ఇంటి ఆడవాళ్లదే. ఆసు యంత్రం వచ్చాక చేత్తో పోసేవాళ్లు తగ్గిపోయారు. మిగిలిన పెద్దవాళ్ల దగ్గర కూర్చుని ఆదివారాలన్నీ వాళ్ల మాటలు రికార్డు చేసుకున్నారు ఈమె. 2017 నుంచి 2019 దాకా ఏడు వ్యాసాలు రాశారు. మూడు ఒక చిన్న మాసపత్రికలో వచ్చాయి. ఆ పత్రిక పాత సంచికల పీడీఎఫ్‌లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మిగతా నాలుగూ తన సొంత వెబ్‌సైట్‌లో పెట్టుకున్నారు. మధ్యలో డబ్బు కట్టకపోవడంతో ఆ సైట్ ఏడాది పాటు ఆగి, మళ్లీ మొదలైంది.

అదే గైడ్ దగ్గర ఈమెకంటే ముందు చేరిన మరో స్కాలర్ ఉన్నారు. ఉత్తరమంతా ఆమెను "అక్క" అనే రాశారు. హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. ఈమె కాన్పుకు ఆసుపత్రిలో ఉంటే రాత్రిళ్లు పక్కన కూర్చున్నది ఆ అక్కే. అక్క అంశం చేనేత కుటుంబాల జీవనం. "రెఫరెన్స్‌కి కావాలి" అని అడిగితే ఈమె తన ఆడియో ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చారు. ఈ ఏడాది అక్క ఓపెన్ వైవాకు వెళ్లి వెనక వరుసలో కూర్చుంటే, తెర మీద ఒక ముసలమ్మ మాట వచ్చింది: "నా చేతులు నడిచినంత దూరం నా కాళ్లు నడవలేదు." అది ఈమె మూడో వ్యాసంలో మొదటి వాక్యం. తర్వాత, దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో పెట్టిన థీసిస్ తీసి చూస్తే, నాలుగో అధ్యాయంలో ఇరవై పేజీలకు పైగా తన వ్యాసాలే అక్కడక్కడ మాటలు మారి కనిపించాయి. ఆ ముసలమ్మ వయసు ఈమె మొదటి వ్యాసంలో 72 అని ఉంది, ఐదో వ్యాసంలో పొరపాటున 67 అని పడింది. థీసిస్‌లోనూ ఒకచోట 72, ఇంకోచోట 67.

గైడ్‌కు చెబితే "కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ రిపోర్టులో 4 శాతమే వచ్చింది. 10 లోపు ఉంటే యూజీసీకే అభ్యంతరం లేదు, నీకెందుకమ్మా టెన్షన్" అన్నారట. "కాంట్రాక్ట్ రెన్యువల్ ముందు ఈ గొడవలు వద్దు" అని భర్త అంటున్నారు. అక్కతో ఇంకా మాట్లాడలేదు. వచ్చే మార్చిలో ఈమె తన థీసిస్ సమర్పించాలి.

చివర మూడు ప్రశ్నలు అడిగారు. "ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించే నా వ్యాసాలను సాఫ్ట్‌వేర్ ఎందుకు పట్టుకోలేదు? పట్టుకోలేదంటే అది కాపీ కానట్టేనా? రేపు నా థీసిస్ చెక్ చేస్తే నేనే అక్క దగ్గర కాపీ కొట్టానని వస్తుందా?"

సమాధానం

అమ్మా, మీ చివరి ప్రశ్న ముందు తీసుకుంటాను. గడువు ఉన్నది దానికే.

అవును, అలా రావచ్చు. అక్క థీసిస్ ఇప్పుడు శోధ్‌గంగలో ఉంది. మన యూనివర్సిటీలు వాడే చెకింగ్ సాఫ్ట్‌వేర్లు ఆ థీసిస్‌లతోనూ, తమ దగ్గరికి అంతకుముందు వచ్చిన ఫైళ్లతోనూ పోల్చి చూస్తాయి. మార్చిలో మీ ఫైలు పెట్టినప్పుడు మీ మూడో వ్యాసం నుంచి వచ్చిన పేరాల మీద రంగు పడి, పక్కన మూలంగా అక్క థీసిస్ పేరు రావచ్చు. సాఫ్ట్‌వేర్‌కు తెలిసేది ఈ పేరా, ఆ పేరా ఒకేలా ఉన్నాయని మాత్రమే. ఎవరు ముందు రాశారో దానికి తెలియదు. 2017లో మీరు రాసింది దాని నిల్వలో లేకపోతే, అక్కడ ఉన్నదే మూలమైపోతుంది. అందుకే మీరు ఫిర్యాదు చేసినా, చేయకపోయినా, అక్కతో మాట్లాడినా, మాట్లాడకపోయినా, మీ థీసిస్‌ను కాపాడుకునే పని ఈ నెలలోనే మొదలుపెట్టండి. అదెలాగో కింద చెబుతాను.

ముందు మీ మొదటి ప్రశ్న. దానికి జవాబు సరిగ్గా తెలిస్తేనే "4 శాతం" అన్న మాట ముందు మీరు తడబడకుండా నిలబడగలరు.

ఈ సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్ మొత్తం వెతుకుతుందని మన కాలేజీల్లో చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. దానికి సొంత నిల్వ ఒకటి ఉంటుంది: దాని రోబోలు ఇదివరకు తిరిగి తెచ్చుకున్న వెబ్ పేజీలు, ప్రచురణకర్తలతో ఒప్పందం చేసుకుని తీసుకున్న జర్నళ్లు, విద్యార్థులు ఇదివరకు సమర్పించిన ఫైళ్లు. మీ ఫైలు రాగానే దాన్ని చిన్న చిన్న మాటల గుంపులుగా విడగొట్టి, ఆ గుంపుల్ని సంఖ్యలుగా మార్చి, నిల్వలో అవే సంఖ్యలు ఉన్నాయేమో చూస్తుంది. నిల్వలోకి ఎన్నడూ రాని పేజీ నెట్‌లో ఎంత బహిరంగంగా ఉన్నా దానికి లేనట్టే.

మీ నాలుగు వ్యాసాల సంగతి చూద్దాం. సైట్ వర్డ్‌ప్రెస్‌లో చేయించారని రాశారు. దాని సెట్టింగుల్లో "సెర్చ్ ఇంజన్లు ఈ సైట్‌ను చూడకుండా చేయండి" అనే చిన్న గడి ఉంటుంది. సైట్ తయారయ్యేదాకా అని చేసిపెట్టినవాళ్లు అక్కడ టిక్ పెట్టి, తర్వాత తీయడం మరిచిపోవడం మామూలే. టిక్ ఉంటే, మర్యాద పాటించే రోబోలు ఆ పేజీలను తమ నిల్వలో చేర్చుకోకుండా వదిలేస్తాయి. గూగుల్ కూడా చూపించదు. లింక్ ఉన్నవాళ్లు మాత్రం హాయిగా చదువుకోవచ్చు. దాంతో మీకు, మీ మిత్రులకు, అక్కకు అది బహిరంగంగానే కనిపిస్తుంది. ఈరోజే ఆ గడి చూడండి. టిక్ ఉంటే తీసే ముందు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, సాఫ్ట్‌వేర్ ఎందుకు పట్టలేదో చెప్పడానికి అది పనికొస్తుంది. టిక్ లేకపోయినా, ఏడాది పాటు సైట్ ఆగిపోయింది కదా. ఆ ఏడాదిలో రోబో వచ్చి, పేజీ లేదని వెళ్లిపోయి ఉండవచ్చు. ఫేస్‌బుక్‌లో పెట్టిన ముక్కలైతే లాగిన్ తలుపు వెనక ఉంటాయి, అక్కడికి ఈ రోబోలు మామూలుగా రావు.

పత్రికలో వచ్చిన మూడు వ్యాసాల కథ వేరు. మన తెలుగువాళ్ల కష్టం అసలు ఇక్కడే ఉంది. ఆ పత్రిక పీడీఎఫ్ తెరిచి, మీ వ్యాసంలో ఒక పేరా సెలెక్ట్ చేసి, కాపీ చేసి, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. తెలుగు రాదనే నా అంచనా. ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, చుక్కలు, విచిత్రమైన గీతలు వస్తాయి. చిన్న పత్రికలు, డీటీపీ సెంటర్లు ఏళ్ల తరబడి అను, శ్రీలిపి లాంటి పాత ఫాంట్లలోనే పేజీలు కట్టాయి. వాటిలో కంటికి కనిపించేది తెలుగు, ఫైలు లోపల దాగి ఉన్నది ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో పేర్చిన తెలుగు ముక్కలు. తలకట్టు ఒక గుర్తు, ఒత్తు ఇంకో గుర్తు. సాఫ్ట్‌వేర్ చదివేది లోపల ఉన్నదాన్నే. అదే పేరాను ఎవరైనా యూనికోడ్‌లో (ఇప్పుడు ఫోన్లలో, నెట్‌లో మనం వాడే తెలుగులో) మళ్లీ టైప్ చేస్తే, అక్షరం పొల్లుపోకుండా కాపీ చేసినా యంత్రానికి ఆ రెండింటి మధ్య పోలికే ఉండదు. పత్రిక వాళ్లు పాత సంచికలు స్కాన్ చేసి పెట్టి ఉంటే అదీ కాదు, అవి ఉత్త ఫొటోలు.

ఇప్పుడు ఇదే పరీక్ష అక్క థీసిస్ మీద చేయండి. శోధ్‌గంగ నుంచి నాలుగో అధ్యాయం పీడీఎఫ్ దించుకుని ఒక పేరా కాపీ చేసి పేస్ట్ చేయండి. అక్కడ కూడా తెలుగు రాకపోతే, ఆ 4 శాతానికి అర్థం పూర్తిగా మారిపోతుంది. ఆ ఫైలునే చెకింగ్‌కు ఇచ్చి ఉంటే, సాఫ్ట్‌వేర్ థీసిస్‌ను చదవనే లేదు. ఆ గందరగోళం మధ్య దానికి అర్థమైన ఇంగ్లిష్ పేర్లు, గ్రంథసూచి ముక్కల మీద ఏదో ఒక అంకె ఇచ్చి ఉంటుంది. తెలుగు శాఖల్లో థీసిస్‌లు డీటీపీ సెంటర్లలోనే తయారవుతాయని మీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి మీరు గానీ, కమిటీ గానీ అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎంత శాతం" అని కాదు, "ఏ ఫైలు పెట్టారు" అని.

పేస్ట్ చేస్తే చక్కటి తెలుగే వచ్చిందనుకుందాం. అప్పుడు కూడా తప్పించుకునే దారులున్నాయి. ఇంగ్లిష్‌లో పది మాటల వాక్యంలో ఒక మాట మార్చితే తొమ్మిది అలాగే ఉంటాయి. మన భాషలో విభక్తులు, ప్రత్యయాలు మాటకే అతుక్కుంటాయి. "చేతులతో", "చేతులతోనే", "చేతులతోనైతే" మనకు ఒకే మాట, యంత్రానికి మూడు వేర్వేరు మాటలు. "ఆసుపోసేటప్పుడు" అని కలిపి రాస్తే ఒకటి, "ఆసు పోసేటప్పుడు" అని విడదీస్తే రెండు. మీ వ్యాసంలో "అంటారు" అన్నచోటల్లా థీసిస్‌లో "అంటుంటారు" ఉందని రాశారు. మీకది చిన్న మార్పుగా అనిపించింది గానీ, ప్రతి వాక్యం చివర అలా మారితే వరుసగా కలిసే మాటల గుంపులు తెగిపోతూ ఉంటాయి. తెలియక చేసినా, తెలిసి చేసినా యంత్రం దగ్గర ఫలితం ఒకటే.

ఇంకొకటి, మీ విషయంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తున్నది. చెకింగ్ చేసేటప్పుడు కొటేషన్ గుర్తుల్లో ఉన్నదాన్ని లెక్కలోంచి తీసేయవచ్చు. గ్రంథసూచిని, వరుసగా 14 మాటల్లోపు కలిసినవాటిని కూడా తీసేస్తుంటారు. మర్యాదగా ఉటంకించినవాళ్లను ఇబ్బంది పెట్టకూడదనే మంచి ఉద్దేశంతో పెట్టిన వెసులుబాటు అది. కానీ మీ సేకరణలో సగం ఆ ఆడవాళ్లు మాట్లాడిన మాటలే. వాటిని థీసిస్‌లో కొటేషన్లలో పెట్టి, కింద ఆ ముసలమ్మ పేరు రాసేస్తే, సాఫ్ట్‌వేర్ "ఇది ఉటంకింపు" అని గౌరవంగా పక్కకు తప్పుకుంటుంది. ఆమెను అడిగింది ఎవరు, ఆ వాకిట్లో రికార్డర్ పట్టుకుని కూర్చున్నది ఎవరు అనేది దానికి అనవసరం.

ఇక రెండో ప్రశ్న. పట్టుకోలేదంటే కాపీ కానట్టేనా?

కాదు. మీ గైడ్ గారు చెప్పిన 10 శాతం మాట యూజీసీ 2018 నిబంధనల్లో నిజంగానే ఉంది. 10 దాకా ఉన్న పోలికలకు శిక్ష లేదు. 10 దాటి 40 దాకా ఉంటే ఆరు నెలల్లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 దాకా అయితే ఏడాది పాటు సరిచేసిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. కానీ ఆ శాతాలు థీసిస్‌లో నిజంగా ఉన్న పోలికకు సంబంధించినవి, యంత్రం కంటికి ఆనిన పోలికకు కాదు. పైగా సారాంశం, పరిశీలనలు, ఫలితాలు, ముగింపు లాంటి అసలు పరిశోధన భాగాల్లో పోలికలు ఉండకూడదని అవే నిబంధనలు అంటున్నాయి. 14 మాటల మినహాయింపు కూడా అక్కడిదే, అందరికీ తెలిసిన విషయాలు, యాదృచ్ఛికంగా కలిసిన మాటల కోసం ఇచ్చింది. క్షేత్రంలో సేకరించిన మాటలు మీ పరిశోధనలో పరిశీలనలే కదా.

యంత్రాల శక్తి గురించి ఊహలతో పని లేదు. యూరప్ పరిశోధకులు 15 సాఫ్ట్‌వేర్లను ఎనిమిది భాషల్లో పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించారు. ఏ ఒక్కటీ కాపీ మొత్తాన్ని పట్టలేదు, కొన్నిసార్లు కాపీ కానిదాన్ని కూడా అనుమానించాయి. చివరి మాట మనిషే చెప్పాలని వాళ్లు తేల్చారు. ఆ ఎనిమిదింటిలో మన దేశ భాష ఒక్కటీ లేదు. 2011లో జర్మనీ రక్షణ మంత్రి గుట్టెన్‌బెర్గ్ డాక్టరేట్ పోయింది కూడా మనుషులు చదవడం వల్లే. ఆ థీసిస్‌ను సమీక్షించడానికి కూర్చున్న ఒక న్యాయశాస్త్ర ప్రొఫెసర్ కొన్ని వాక్యాలను గూగుల్‌లో వెతికారు. ఆ తర్వాత ఎందరో పాఠకులు పేజీ పేజీ పక్కపక్కన పెట్టి చూశారు. ముందుమాట మొదటి పేరాయే ఒక దినపత్రిక వ్యాసంలోదని తేలింది. రెండు వారాలు గడవకముందే యూనివర్సిటీ డాక్టరేట్ వెనక్కి తీసుకుంది, మార్చి 1న మంత్రి పదవి కూడా వదులుకున్నారు.

మీ దగ్గర ఉన్న అసలు సాక్ష్యం ఆ 72, 67. తాళపత్ర ప్రతుల పరిష్కరణ గురించి ఎం.ఏ.లో చదివే ఉంటారు. రెండు ప్రతుల్లో ఒకే సరైన పాఠం ఉంటే ఏమీ తేలదు. ఒకే తప్పు, అదే చోట ఉంటే ఒకటి ఇంకోదాని నుంచి వచ్చిందని, లేదా రెంటికీ మూలం ఒకటేనని పరిష్కర్తలు తేలుస్తారు. ఆ 67 ముసలమ్మ నోట రాలేదు, ఆడియోలో లేదు. మీ ఐదో వ్యాసంలో తప్ప ఎక్కడా లేదు. అక్క ఆ అంకెను ఇంకెక్కడి నుంచి తెచ్చుకోగలరు?

ఇక్కడ మీరొక చిక్కు విప్పుకోవాలి. మీరు పెన్‌డ్రైవ్ ఇచ్చారు. రేపు అక్క "ఆ మాటలు ఆడియోలోవి, నేను విని రాసుకున్నాను, ఆమే ఇచ్చింది" అనవచ్చు. ముసలమ్మ మాటల వరకు ఆ జవాబులో కొంత బలం ఉంది. ఒకే రికార్డింగ్ ఇద్దరు విని రాస్తే రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. అప్పుడు కూడా ఎవరి రికార్డింగో చెప్పకపోవడం తప్పే, కాకపోతే అది వేరే తప్పు. అందుకని మీ వ్యాసాలనూ థీసిస్‌నూ పక్కపక్కన పెట్టి ఒక పట్టిక తయారుచేయండి, అందులో మొదట పెట్టాల్సింది ముసలమ్మ మాటలు కాదు, మీ మాటలు. ఆమె వాకిలిని మీరు వర్ణించిన తీరు, ఆసు మేకుల గురించి మీరు చేసిన వివరణ, పదాలను మీరు వర్గీకరించిన పద్ధతి, ఆ తప్పు వయసు. ఇవేవీ ఆడియోలో వినపడవు. వైవాలో మిమ్మల్ని కుదిపేసింది "నా చేతులు" వాక్యమే అయినా, కాగితం మీద అది నాలుగో ఐదో స్థానంలో రావాలి. ఆ వెంటనే థీసిస్ అనుబంధంలో ఇంటర్వ్యూల తేదీలు ఇచ్చారేమో చూసి, మీ ఆడియో ఫైళ్ల తేదీల పక్కన పెట్టండి. మీరు వెళ్లిన రోజునే తాను వెళ్లినట్టు రాసి ఉంటే, లేదా వెళ్లని రోజున వెళ్లినట్టు ఉంటే, విషయం కాపీని దాటిపోతుంది.

పెన్‌డ్రైవ్ ఇచ్చినప్పుడు వాట్సాప్‌లో ఏం రాసుకున్నారో కూడా తీయండి. "రెఫరెన్స్‌కి" అన్న ఒక్క మాట అక్కడ ఉంటే చాలు. ఆ చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి. తేదీల విషయంలో అన్నిటికంటే గట్టిది అచ్చు పత్రిక. సంచిక నెల, సంవత్సరం దాని మీదే ఉంటాయి, ఎవరూ మార్చలేరు. సైట్‌లోని వ్యాసాలకు పాత వెబ్ పేజీల నకళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో మీ సైట్ చిరునామా కొట్టి చూడండి. 2018లోనో 2019లోనో తీసిన నకలు దొరికితే అది బయటివాళ్లు వేసిన తేదీ, మీ మాట మీద ఆధారపడనక్కర్లేదు. దొరకకపోయినా కంగారు పడకండి, సైట్ లోపలి తేదీలు, అప్పట్లో లింక్ పంపిన మెయిళ్లు ఉంటాయి.

ఇవన్నీ చేతిలోకి వచ్చాక మీ ముందు కొన్ని దారులు ఉంటాయి. ఏ దారికైనా ఏదో ఒక మూల్యం తప్పదు.

అక్కతో నేరుగా మాట్లాడటం ఒకటి. ఆసుపత్రిలో మీ పక్కన కూర్చున్న మనిషికి ఆ అవకాశం ఇవ్వాలని మీ మనసు లాగుతోందని ఉత్తరం చదివితే తెలుస్తోంది. అందులో తప్పేం లేదు. కానీ సాక్ష్యాలు భద్రం చేసుకున్న తర్వాతే మాట్లాడండి, ఒంటరిగా ఫోన్‌లో వద్దు. ఆమె ఒప్పుకుంటే ఏం కావాలో మీకు ముందే తెలిసి ఉండాలి. మీ ఏడు వ్యాసాలనూ, మీ రికార్డింగులనూ మూలాలుగా చూపిస్తూ సవరించిన ప్రతి ఇవ్వమని ఆమే యూనివర్సిటీకి రాతపూర్వకంగా అడగడం అన్నది న్యాయమైన కోరిక. "సరేలే, తర్వాత పుస్తకం వేసేటప్పుడు నీ పేరు వేస్తా" అంటే ఒప్పుకోకండి, ఎందుకంటే మార్చిలో మీ రిపోర్టులో రంగు పడేది థీసిస్ వల్ల. ఆమె కాదంటే, ఏడిస్తే, మిమ్మల్ని అసూయపరురాలని తోటివాళ్ల దగ్గర అంటే తట్టుకోవాల్సి వస్తుంది. ఈ స్నేహం మునుపటిలా ఉండకపోవచ్చు. అది ఇప్పటికే ఉండటం లేదని మీకూ తెలుసు.

రెండో దారి, శాఖలోని అకడమిక్ ఇంటెగ్రిటీ కమిటీకి ఫిర్యాదు. విద్యారంగంలో ఉన్న ఎవరైనా ఆధారాలతో ఇవ్వవచ్చు. శాఖాధిపతి అధ్యక్షత వహిస్తారు, శాఖ బయటి ఒక సీనియర్ అధ్యాపకుడు, సాఫ్ట్‌వేర్ తెలిసిన ఒకరు సభ్యులుగా ఉంటారు. 45 రోజుల్లో వాళ్లు తమ సిఫార్సును యూనివర్సిటీ స్థాయి కమిటీకి పంపాలి. అక్కడా మరో 45 రోజులు. డిగ్రీ ఇచ్చేశాక కాపీ రుజువైతే, కమిటీ చెప్పిన కాలం పాటు ఆ డిగ్రీని నిలిపి ఉంచవచ్చు. అక్క అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టారని మీరు రాశారు కాబట్టి, ఈ దారి ఎక్కడిదాకా వెళ్లగలదో తెలిసే అడుగు వేయండి. ఇరవై పేజీలు మొత్తం థీసిస్‌లో 10 శాతం లోపే అని కమిటీ కొట్టిపారేసే ప్రమాదమూ ఉంది. అందుకే ఫిర్యాదులో శాతం గురించి వాదించకండి. పక్కపక్కన పెట్టిన పట్టిక ఇవ్వండి, అవి క్షేత్ర పరిశీలనలని గుర్తు చేయండి. రెండు ఫైళ్లనూ యూనికోడ్‌లోకి మార్చి, మీ వ్యాసాలను కూడా సాఫ్ట్‌వేర్‌లో మూలాలుగా ఎక్కించి మళ్లీ పోల్చమని కోరండి. మొదటిసారి చేసిన చెకింగ్‌లో ఏ ఫైలు పెట్టారో, ఏవేవి మినహాయించారో, ఏ మూలాలు వచ్చాయో చూపించే పూర్తి రిపోర్టు తెప్పించమని అడగండి. మొదటి పేజీ మీద అంకె ఒక్కటే చాలదు.

మీ గైడ్ గారి గురించి ఒక మాట. ఆయన చెడ్డవారని నేననను. కానీ తన స్కాలర్ థీసిస్‌లో కాపీ లేదని ఆయనే సంతకం చేసి సర్టిఫికెట్ ఇచ్చి ఉంటారు, నిబంధన అదే. కాబట్టి "నీకెందుకమ్మా టెన్షన్" అన్న మాటను మూడో మనిషి సలహాగా తీసుకోలేం. ఆయనే శాఖాధిపతి కూడా అయితే, నేరుగా యూనివర్సిటీ స్థాయి కమిటీకి రాసి, ఎందుకలా రాస్తున్నారో ఒక్క వాక్యంలో చెప్పండి. మీ థీసిస్ ఆయన చేతిలో ఉండగా ఇది ఎంత బరువైన పనో నాకు తెలుసు. మీ భర్త గారి భయాన్ని కూడా నేను తేలిగ్గా తీసుకోను. కాంట్రాక్ట్ ఉద్యోగం మీద ఇల్లు నడుస్తున్నప్పుడు ఆ భయం రావడం సహజం.

అందుకే మూడో దారి చెబుతున్నాను, ప్రస్తుతానికి నాకు నచ్చినది. ఇప్పుడే ఎవరి మీదా ఆరోపణ చేయకుండా, శాఖాధిపతికి, రీసెర్చ్ సెక్షన్‌కు, లైబ్రరీకి ఒక సమాచార లేఖ ఇవ్వండి. "నా థీసిస్‌లోని ఫలానా అధ్యాయం 2017 నుంచి 2019 దాకా ప్రచురించిన నా ఏడు వ్యాసాల మీద ఆధారపడింది. వాటి నకళ్లు జతచేస్తున్నాను. ఫలానా సంవత్సరం ఆమోదం పొందిన ఒక థీసిస్‌లో ఇవే భాగాలు కనిపిస్తున్నాయి కాబట్టి, చెకింగ్‌లో పోలిక వస్తే ఈ తేదీలు పరిశీలించగలరు." అంతే. ఇన్‌వార్డ్ నంబర్ వేయించుకుని ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. మార్చిలో రంగు పడినా మీ చేతిలో ముందే ఇచ్చిన కాగితం ఉంటుంది. తర్వాత ఎప్పుడు ఫిర్యాదు చేసినా "ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నావు" అనే మాటకు కూడా అదే జవాబు. దీనితో అక్కకు శిక్ష పడదు, న్యాయం పూర్తిగా జరిగినట్టూ కాదు. సమర్పణ అయ్యేదాకా మీకు ఊపిరి పీల్చుకునే సమయం మాత్రం దొరుకుతుంది. మీ డిగ్రీ వచ్చాక ఫిర్యాదు దారి మూసుకుపోదు.

కాపీరైట్ చట్టం కూడా మీ పక్షాన ఉంది. రాసిన రోజు నుంచే హక్కు మీది, రిజిస్టర్ చేయించుకోనవసరం లేదు. అయితే లాయరు నోటీసుతో మొదలుపెడితే మాట్లాడుకునే అవకాశాలు అక్కడితో పోతాయి, డబ్బూ ఖర్చవుతుంది. అది ఆఖరి మెట్టుగా ఉంచండి.

మీరు తప్పక చేయాల్సింది ఇంకొకటి ఉంది, ఇందులో ఎంపిక లేదు. మీ పాత వ్యాసాల్లోని పేరాలను మీ థీసిస్‌లో వాడుకుంటూ వాటిని ఉటంకించకపోతే మీ మీదే మాట పడుతుంది. ముందే ప్రచురించిన సొంత రాతను మూలం చెప్పకుండా మళ్లీ వాడటం ఆమోదయోగ్యం కాదని యూజీసీ 2020 ఏప్రిల్‌లో విడిగా ప్రకటన ఇచ్చింది. కాబట్టి ఏడు వ్యాసాలూ పత్రిక పేరు, నెల, సంవత్సరం, సైట్ చిరునామాతో గ్రంథసూచిలో ఉండాలి, వాడిన ప్రతిచోటా సూచిక ఉండాలి, ముందుమాటలో ఒక పేరా ఉండాలి. ఐదో వ్యాసంలోని 67ను మీ థీసిస్‌లో 72గా సరిచేసి, కింద నోట్‌లో ఆ పొరపాటు వ్యాసంలో ఎలా పడిందో రాయండి. పరీక్షకుడు రెండు థీసిస్‌లూ చదివితే ఆ నోట్ ఒక్కటే చాలా చెబుతుంది.

వీలైతే ఈ నెలలోనే ఆ ముసలమ్మ దగ్గరికి వెళ్లండి. రికార్డింగ్ ఎప్పుడు, ఎవరు చేశారో, దాన్ని వాడుకోవడానికి తన అంగీకారం ఉందో ఆమె మాటల్లోనే మళ్లీ రికార్డు చేసి, కాగితం మీద సంతకమో వేలిముద్రో తీసుకోండి. ఇంట్లో చదువుకున్న మనవడో మనవరాలో ఉంటే సాక్షి సంతకం పెట్టించండి. అక్క ఎప్పుడైనా ఆ ఇంటికి వెళ్లారేమో కూడా నెమ్మదిగా అడగండి. వెళ్లి ఉంటే ఆ సంగతి మీకు ఇప్పుడే తెలియాలి, కమిటీ ముందు కాదు.

పేస్ట్ పరీక్ష చేశాక ఏం వచ్చిందో రాయండి. సమాచార లేఖ, ముందుమాట పేరా రాసుకున్నాక, ఇచ్చే ముందు నాకు పంపితే చదివి నా అభిప్రాయం చెబుతాను.